నూట ఇరువది గంటల సేవ

మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి. కె. ఆర్. వి. రావు 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకమును ప్రారంభించెను. ఆనాడు అందు చేరిన విద్యార్థులు 40 వేలమంది. నేడు ఆ సంఖ్య 40 లక్షలకు చేరువైనది. ఇంతటి వృద్ధిని పొందిన విద్యార్థి కార్యక్రమములు అరుదు. అయినను ఈ లక్షలమంది చేసిన సేవ గ్రామములందు ఎంతవరకు నిలిచినదని ప్రశ్నించినచో, వచ్చు సమాధానము తరచుగా గంటల లెక్కయే. పథకమున చేరిన విద్యార్థి ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు పనిచేయవలెను. దత్తత గ్రామమున ఏడు దినములు జరుగు ప్రత్యేక శిబిరమున ఒకసారి పాల్గొనవలెను. అప్పుడు యోగ్యతాపత్రము లభించును. గంటలు పూర్తియగుటయు, సేవ జరుగుటయు ఒకటేనా యన్నది ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపవలసిన విషయము.

సేవను విద్యలో చేర్చవలెనన్న తలంపు 1969 కంటె పాతది. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయ సేవ చేయుట మేలని సూచించెను. 1958లో ప్రధాని నెహ్రూ ముఖ్యమంత్రులకు వ్రాసిన లేఖలో, పట్టము పొందుటకు సమాజసేవను ఒక నియమముగా చేయు విషయమును ప్రస్తావించెను. మరుసటి యేట సి. డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఇంకను ముందునకు పోయి, ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరగోరు ప్రతి విద్యార్థియు తొమ్మిది నెలలు మొదలు ఒక ఏడాది వరకు సేవ చేసి తీరవలెనని ప్రతిపాదించెను. అందులకగు వ్యయమును, నిర్వహణలోని చిక్కులను తలచి ఆ ప్రతిపాదనను ఆచరణలో పెట్టలేదు. పిమ్మట కె. జి. సైయిదైన్ పలు దేశముల అనుభవమును పరిశీలించి, జాతీయ సేవ స్వచ్ఛందముగనే యుండవలెనని 1960లో సలహా యొసగెను. డి. ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964-66లో పనిచేసిన సంఘము, విద్య యొక్క అన్ని దశలందును ఏదో యొక రూపమున సమాజసేవ యుండవలెననెను. ఈ అభిప్రాయముల కలయికనుండియే 1969 పథకము స్వచ్ఛంద రూపమున వెలువడెను.

నాడు ముందు తలుపు నుండి వెడలిపోయిన నిర్బంధము నేడు పాఠ్యక్రమము ద్వారా మరల ప్రవేశించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సమాజసేవకు క్రెడిట్లు ఇచ్చుటను ప్రోత్సహించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి 2021లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును తప్పనిసరి యొనర్చినది. దీనిని కేవలము నిర్బంధమని త్రోసివేయుట న్యాయము కాదు. తమంతట తాము ఏ పల్లెకును పోని విద్యార్థులను ఇది పల్లెకు పంపును. ఆడపిల్లను శిబిరమునకు పంపుటకు జంకు తల్లిదండ్రులు చదువులో భాగమన్నచో సమ్మతింపవచ్చును. మార్కులు ఒక మంచిపనికి తొలిమెట్టు కారాదన్న నియమమేమియు లేదు.

కాని మార్కులున్నచోట కొలత యుండును. దేనిని కొలుతుమో దానినే అందరును పెంచుదురు. గంటలను కొలిచినచో గంటలే పెరుగును. నివేదికను కొలిచినచో నివేదికయే బరువెక్కును. ప్రతి వేసవియు ఒక క్రొత్త జట్టు అదే వీధికి వచ్చి, ఇంట నెందరు, నీరెక్కడిది, మరుగుదొడ్డి కలదా యని అవే ప్రశ్నలడిగి, వ్రాసికొని పోయినచో గ్రామమునకు కలుగు లాభమేమి? మూడవ యేట ఆ గృహిణి విసిగి తలుపు మూసికొనినచో తప్పు ఆమెది కాదు.

లోపము నిర్బంధములో కంటె, సేవను ముక్కలుగా చేయుటలోనే ఎక్కువగా కలదు. రెండు ఉదాహరణములు చాలును. వానలు పడగనే జూలైలో విద్యార్థులు మొక్కలు నాటుదురు. ఆ మొక్కకు నీరు మిక్కిలి యవసరమగునది ఏప్రిల్, మే నెలలందు. అప్పుడు పరీక్షలు, పిదప సెలవులు. నీరుపోయు బాధ్యతను ఊరిలో ఎవరికిని అప్పగింపనిచో, నాటిన దినమున తీసిన ఛాయాచిత్రము మిగులును గాని మొక్క మిగులదు. ఇక డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ నిలువ నీటిలో గ్రుడ్డు దశనుండి రెక్కలు వచ్చు వరకు ఎదుగుటకు సుమారు ఎనిమిది పది దినములు పట్టును. కావున తొట్లను, కుండలను, పాత టైర్లను వారమునకొకసారి ఖాళీచేసి ఆరబెట్టినగాని ఫలము లేదు. శిబిరములో ఒకనాటి ఊరేగింపు ఆ దోమను ఆపజాలదు. అవే 120 గంటలను వారమునకు నాలుగు గంటల చొప్పున పంచినచో ముప్పది వారములగును. కళాశాల సంవత్సరము రమారమి నిండును. గంటలు పెంచనక్కరలేదు, వానిని పంచు తీరు మారిన చాలును.

ఎడతెగని సేవ యేమి చేయగలదో 1990-91లో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమము చూపినది. అది కళాశాలల పథకము కాకున్నను, అందు బోధించినవారు స్వచ్ఛంద సేవకులే. పగలు కూలిపని చేసి వచ్చిన స్త్రీలు నెలల తరబడి రాత్రిబడులలో అక్షరములు దిద్దిరి. ఒకచోట కూర్చుండి తమ కష్టములను గూర్చి మాటలాడుకొనిరి. దూబగుంట మహిళలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. ఆ గాథ పిదప వాచకములో పాఠమై ఇతర గ్రామముల స్త్రీలను కదిలించెను. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. పలక, బలపము పట్టుకొని వెళ్లిన బోధకులలో ఎవరును ఈ ఫలితమును ముందుగా ఊహించియుండరు. వారు చేసినదెల్ల ప్రతి సాయంత్రము అదే చోటికి, అదే మనుష్యుల యొద్దకు మరల మరల పోవుటయే.

కళాశాలలు దీనినుండి నేర్వదగినది కలదు. సాధారణముగా నూరుగురు విద్యార్థుల దళమునకు ఒక అధ్యాపకుడు కార్యక్రమాధికారిగా నుండును. ఆయన పాఠములు, పరీక్షలు, మూల్యాంకనము మానకయే ఈ భారమును మోయవలెను. ఆయన మారినచో గ్రామముతో ఏర్పడిన పరిచయము కూడ ఆయనతోనే పోవును. దీనికి నివారణ కష్టమైనది కాదు. ప్రతి దళమును దత్తత గ్రామమును గూర్చి ఒక పుస్తకము నడుపవలెను. నిరుడు చేసిన పని, సగములో నిలిచిన పని, నాటిన మొక్కలలో బ్రతికినవి, చదువు మధ్యలో మానిన పిల్లలలో తిరిగి బడికి వచ్చినవారు — ఇవన్నియు అందులో ఉండవలెను. పై తరగతివారు క్రింది తరగతివారికి దానిని అప్పగింపవలెను. ఈ యేడు ఏ పని చేయవలెనో కళాశాలలో కాక గ్రామసభలో నిర్ణయింపవలెను. మార్కులిచ్చునపుడు అధికారులు హాజరుపట్టికతోపాటు ఈ పుస్తకమును చూడవలెను. జరుగని పనిని జరుగలేదని వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గింపరాదు. లేనిచో సేవ పేరిట అసత్యము నేర్పినవారమగుదుము.

జాతీయ సేవా పథకపు నినాదము ‘నేను కాదు, నీవు’ అన్నది. ఆ నీవు ఎవరో విద్యార్థికి పేరుతో తెలియవలెను; ఆ పేరుగల మనిషి యింటికి రెండవ యేట కూడ వెళ్లవలెను. సంఖ్యను నూరింతలు చేయుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఇకమీదట లెక్కింపవలసినది, ఒకే కళాశాల పదేండ్లు విడువక తోడునిలిచిన గ్రామములెన్ని యని. ఆ లెక్క తక్కువగా తేలినను, దానిని దాచక చెప్పిన కళాశాలయే పనిని సరియైన చోట మొదలుపెట్టినదగును.