‘ణ’తో మొదలయ్యే మాట ఏది?



మేము తార్నాక హాస్టల్లో ఉంటూ ఉస్మానియాలో చదువుకుంటున్నాం. సాయంత్రాలు క్యాంపస్‌ను ఆనుకొని ఉన్న మాణికేశ్వరి నగర్‌లో చిన్నపిల్లలకు చదువు చెబుతున్నాం. మొదటి వారంలోనే ఒక పిల్లవాడు మమ్మల్ని ఇరుకున పెట్టాడు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని చెప్పుకుంటూ పోయి ‘ణ అంటే వీణ’ అన్నాం. “అన్నా, వీణ ‘వీ’తోని గదా మొదలైతది?” అన్నాడు. వాడన్నది నిజం. ణతో మొదలయ్యే మాట తెలుగులో లేదు. ళ సంగతీ అంతే. పదిహేనేళ్ళు చదివిన మాకు ఈ అనుమానం ఒక్కనాడూ రాలేదు, ఎందుకంటే మేము బట్టీ పట్టాం.

బొమ్మ చూసి అక్షరం అరవడం చదువు కాదని మా అభిప్రాయం. మాటలో మొదటి శబ్దాన్ని ముందు చెవి పట్టుకోవాలి. పలక ఆ తర్వాత.

ఇంకో చిక్కు ఉంది. పుస్తకంలో ‘ఎలుక’, బస్తీలో ‘యెల్క’. పిల్లకు వినిపించే మొదటి శబ్దం ‘యె’. ‘ఒకటి’ కూడా నోటికొచ్చేసరికి ‘వొకటి’ అవుతుంది. తప్పని గద్దిస్తే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. మాలో ఇద్దరు ముగ్గురు మూడో తరగతి దాకా అలాగే మూగగా కూర్చున్నారు. వాళ్ళను మొద్దులన్నారు. ఏ బడో ఇప్పుడెందుకు లెండి.

అందుకే ఆటతో మొదలుపెట్టాం. ఒకరోజు పిల్లలతో తార్నాక చౌరస్తా దాకా నడుస్తూ ‘బ’ మాటలు ఏరాం. బస్సు, బండి, బడి. ఒక పాప ‘బిర్యానీ’ అంది. “అది బి, బ గాదు” అని ఇంకొకడు తగువు. ఇద్దరిదీ ఒప్పే. మన రాతలో బ, బి, బు దేనికది ఒక అక్షరం. కానీ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. గుణింతం అక్కడే, రోడ్డు పక్కనే మొదలైంది.

2022-23 నుండి సర్కారు బడుల్లో ఒకటి నుండి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అక్కడ బాధ వేరు. అక్షరం పేరు ‘సి’. క్యాట్‌లో అది ‘క్’, సిటీలో ‘స్’. పేరు వేరు, శబ్దం వేరు అని చెప్పకుండా ‘ఏ ఫర్ యాపిల్’ అరిపిస్తే పిల్లవాడు ఏం పట్టుకుంటాడు? తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. ముందు ఇందులో చెవి తేరితే అందులో భయం తగ్గుతుంది.

ఈ క్యాంపస్‌లోనే భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962 నుండి భాషాశాస్త్రం బోధించారు. ఇంగ్లీషు బోధన కోసం 1958లో పుట్టిన సంస్థే పక్కనున్న నేటి ఇఫ్లూ. శబ్దాల గురించి ఇంత చదువు ఉన్నచోట, గోడ అవతలి మూడో తరగతి పిల్ల బస్సు బోర్డు చదవలేకపోవడం మాకు సిగ్గుగా ఉంది.

చందా అడగడం లేదు, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. పిల్లలు చెప్పిన మాటలతో ఒక నోటుబుక్కు తయారవుతోంది. ఖ దగ్గర ఖడ్గం కొట్టేసి ‘ఖాళీ’ రాయించారు. ఛ దగ్గర ‘ఛత్రి’. ఝ మాత్రం నిజంగానే ఖాళీగా ఉంది, మీకేమైనా తోస్తే వచ్చి రాయండి.