గాలి లెక్కలో ఇమడని తుపాను

బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండంలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే అది తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను, 118కి చేరితే అతి తీవ్ర తుపాను. భారత వాతావరణ శాఖ ఇచ్చే ఈ హోదాలకు మూడు నిమిషాల సగటుగా తీసిన గరిష్ఠ గాలి వేగమే ప్రాతిపదిక. నడిసంద్రంలో ఆ వేగాన్ని నేరుగా కొలిచే అవకాశం అరుదు కనుక, ఉపగ్రహ చిత్రాల్లో మేఘాలు చుట్టుకున్న తీరును, కన్ను ఎంత స్పష్టంగా విచ్చుకుందన్న దాన్ని పరిశీలించి, వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించిన పద్ధతి ప్రకారం దాన్ని అంచనా కడతారు.

తుపాను జీవితకాలాన్నంతటినీ ఒకే అంకెలోకి తెచ్చే కొలమానం కూడా ఉంది. ఆరు గంటలకోసారి గరిష్ఠ వేగాన్ని నాట్లలో (ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు) తీసుకొని, వర్గం చేసి, అన్నింటినీ కూడి, పదివేలతో భాగిస్తే వచ్చేదాన్ని సంచిత శక్తి సూచిక అంటారు. పేరులో శక్తి ఉన్నా, తుపాను ఎంత విస్తీర్ణాన్ని కమ్ముకుందన్నది ఇందులోకి రాదు. వేగం 34 నాట్లకు తగ్గితే లెక్క అక్కడితో ఆగిపోతుంది. 2023లో ఐదు వారాలకు పైగా బతికిన ఫ్రెడ్డీ ఈ సూచికలో రికార్డు స్థాయికి చేరింది. అయితే మలావీలో మరణించిన, గల్లంతైన వెయ్యి మందికి పైగా ప్రజలను బలిగొన్నది నేల మీదికి వచ్చి గాలి చల్లారాక రోజుల తరబడి కురిసిన వాన, ఆ వానకు విరిగిపడిన కొండచరియలు. ఆ ఘోరానికి సూచికలో చోటు దాదాపు లేదు.

ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తుపాను విడుదల చేసే వేడితో పోలిస్తే, గాలిగా వీచే శక్తి కొన్ని వందల్లో ఒక వంతు మాత్రమే. ఉప్పెన కూడా హోదాను లెక్కచేయదు. అమెరికాలోని మిసిసిపీ తీరంలో, అక్కడి గాలి వేగ కొలమానంలో ఐదో శ్రేణికి చెందిన 1969 నాటి కమీల్ తుపాను కంటే, తీరం చేరేసరికి మూడో శ్రేణికి తగ్గిన 2005 నాటి కత్రినా ఎత్తైన ఉప్పెనను తెచ్చింది. దాని గాలులు ఎంతో విశాలమైన సముద్ర ప్రాంతాన్ని నెట్టుకురావడం అందుకు ముఖ్య కారణం. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగినదీ ప్రధానంగా ఉప్పెనే.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉప్పెన అంచనాలను రూపొందిస్తున్న ఈ రోజుల్లో, హెచ్చరికల తొలి వాక్యం గాలి వేగానికే పరిమితం కావడం ఎంతమాత్రం సరికాదు. ఏ మండలంలో ఎన్ని సెంటీమీటర్ల వాన పడవచ్చో, ఏ ఊరికి ఎన్ని మీటర్ల నీరు రావచ్చో అక్కడే, అంతే పెద్ద అక్షరాలతో చెప్పాలి.