పాత గోతం... కొత్త దాణా!

గేదెల దాణా వచ్చే తెల్ల గోతాలు పాలిప్రొపిలీన్‌వి. ఖాళీ అయ్యాక కరిగించి, దారం తీసి మళ్లీ గోతాలు నేయొచ్చు. ప్యాకింగులో రీసైకిల్ ప్లాస్టిక్ కొంత ఉండాలంటూ 2022లో కేంద్రం నిబంధనలూ తెచ్చింది. మంచిదే. కానీ కరిగించినకొద్దీ ప్లాస్టిక్ బలం తగ్గుతుంది. గోతం చిరిగి తేమ తగిలితే దాణా బూజు పడుతుంది. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం పశువు కడుపులోంచి పాలల్లోకీ దిగుతుంది. కాచినా పూర్తిగా పోదు.

పైగా కరిగిన గోతంలో ఒకప్పుడు ఉన్నది తవుడో, పురుగుమందు పొడో ఎవరికి తెలుసు? అందుకే దాణాకు తగిలే లోపలి పొర కొత్త ప్లాస్టిక్‌దీ, బయటి పొర రీసైకిల్‌దీ అయితే మేలు.

మనం చేయగలిగిందీ ఉంది. పాత సామాన్లకు వేసేటప్పుడు దాణా గోతాలను విడిగా కట్టండి. ఎరువులు, మందుల సంచులతో కలపకండి. రేపు మన గేదె మేత వాటిలోనే రావచ్చు!