కూర్చున్న ఉద్యోగం



ఉద్యోగమనే మాటకు మొదటి అర్థం పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వమంటే యుద్ధసన్నాహాల పర్వమే కదా! అటువంటి మాట నేడు రోజుకు ఎనిమిది గంటలు కుర్చీని అంటిపెట్టుకొని ఉండడానికి పేరైంది. మాటల అర్థాలు మారడం సహజమే. నా చింతంతా ఆ కుర్చీలోని నడుమును గురించి.

ఈ బాధ కంప్యూటరుతో పుట్టినది కాదు. వీపు, నడుము, మెడ విరిగేలా తల వంచుకొని కష్టపడి రాశాననీ, ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండనీ వేడుకొనే శ్లోకం మన ప్రాచీన లేఖకులు చాలామంది ప్రతి చివర చేర్చేవారు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఇటలీ వైద్యుడు రమజ్జినీ కూడా రాయసగాళ్ళ జబ్బులకు ఎడతెగక కూర్చోవడం, చేతికి ఒకే రకపు కదలిక, మనసుకు ఒత్తిడి కారణాలన్నాడు.

1953లో జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చొని నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని ప్రకటించింది. డ్రైవర్లు కొలువులో చేరేనాటికే కొంత లావుగా ఉండేవారని 1956లో యూనిఫారాల కొలతలనుబట్టి ఆ బృందమే గ్రహించింది. కనుక తీర్పు తొలుత తోచినంత సూటిది కాదు. అయినా కదలిక మేలు చేస్తుందన్న మాటను తరువాతి పరిశోధనలు బలపరిచాయి.

మంచి కుర్చీ అవసరమే. పాదాలు నేలపై పూర్తిగా ఆనాలి. మోచేయి ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. తెర చేయి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు అతుక్కొని ఉంటాయి గనుక మెడకు సుఖమైతే చేతికి కష్టం. వేరే కీబోర్డు తెచ్చుకొని, ల్యాప్‌టాప్ కింద పాత పుస్తకాలు పేర్చండి. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలను మాత్రం ఆ సేవకు వాడవద్దని మనవి!

అయితే ఎంత ఖరీదైన కుర్చీ అయినా లేవడానికి బదులు కాజాలదు. అలాగని నిలబడడమూ మందు కాదు. దశాబ్దాలు నిలబడి పాఠాలు చెప్పిన మా ఉపాధ్యాయుల పిక్కలలో ఉబ్బిన నరాలే అందుకు సాక్ష్యం. శరీరం కోరేది మార్పు.

ఇక భోజనం. అన్నపు రాశి, పక్కన కాస్త కూర, ఆవకాయ: ఇది నాగలి పట్టినవాడి విస్తరి. నాగలి పోయింది, విస్తరి మిగిలింది. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా నలభై ఐదు శాతం మించరాదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదు. అప్పడం, వడియం, ఊరగాయ అన్నీ ఆ లెక్కలోనివే. ఆవకాయ మానమనే సాహసం నేను చేయను. అన్నమంత కూర, కూరంత అన్నం తినమంటాను, అంతే.

హైదరాబాదులో పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడికి నలభై నిండకుండానే మెడనొప్పితో వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అరగంటకొకసారి లేవమన్నాడు వైద్యుడు. "లేస్తే పని ఎగ్గొడుతున్నట్టు చూస్తారు మాస్టారూ" అన్నాడు వాడు. అసలు రోగం ఆ చూపులో ఉంది. బడిలో కదలకుండా కూర్చున్నవాడే బుద్ధిమంతుడనే మన సమాజం, కార్యాలయంలోనూ అదే కొలత వాడుతోంది. వేల రూపాయల కుర్చీ కొనిచ్చే యజమాని, దానిలోంచి లేచే ఐదు నిమిషాలను దొంగతనంగా లెక్కిస్తే ఆ కుర్చీ ఎందుకు? లేవడం కూడా పనిలో భాగమని అధికారులే ముందుగా లేచి చూపాలి. ఒక్కొక్కడి వెన్నుకు ఒక్కొక్కడినే బాధ్యుణ్ణి చేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఏకీభవించేవారూ, విభేదించేవారూ తప్పక వ్యాఖ్య రాయండి. ముందు ఒక్కసారి లేచి మంచినీళ్ళు తాగి రండి. వాదన ఎక్కడికీ పోదు.