ఆగిపోయిన ఏడాది ఎవుల ఖాతాలో రాస్తారు?

మొన్న సాయంత్రం కొత్తవలస స్టేషను అవతల మైదానంలో ఒక గుంట ఒక్కర్తీ పరుగెడతంది. ఇంటరు చదువుతాది, 400 మీటర్లు దాని పందెం. "పోటీలెప్పుడమ్మా?" అని అడిగినాను. "ఈ ఏడు లేవట చిన్నానా. డిసెంబరుకి నాకు 19 నిండిపోతాయి. మరింక స్కూలు పోటీలకి పనికిరాను" అన్నాది.

కరోనాకి పోటీలు ఆగినాయి గానీ ఆ పిల్ల వయసు ఆగలేదు కదా.

ఆ మాట బుర్రలో పెట్టుకొని ఈ 2020లో ఆడోళ్ళ టెన్నిస్ ఏటయినాదో చదివినాను. టెన్నిస్‌కీ మనకీ ఏటి సమ్మందం, మన మండలంలో రాకెట్టు పట్టినోళ్ళు ఎంతమంది అంటారా? నిజమే. కానీ ఆట ఆగినప్పుడు అక్కడ ఎవులకి ఏటి దక్కినాదో చూస్తే మన గుంట కత తేటగా కనబడతాది.

టెన్నిస్ ఆడేవోళ్ళకి నెల జీతం లేదు. ఆడితేనే డబ్బు. విమానం టికెట్టు, హోటలు, కోచ్ ఖర్చు చాలామందికి సొంత జేబులోంచే. పేరుకి తారలు, లెక్కకి దినకూలీలు. మార్చిలో టూరు ఆపీసినారు. మళ్ళీ ఆగస్టు 3న ఇటలీలోని పలెర్మోలో మొదలైనాది. దగ్గర దగ్గర అయిదు నెలలు మస్తరు లేదన్నమాట.

వింబుల్డన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి రద్దయినాది. కానీ వాళ్ళు ముందుచూపుతో మహమ్మారికి కూడా బీమా కట్టుకున్నారు. అందుకే ఆట జరక్కపోయినా 620 మందికి కోటి పౌండ్లు పంచగలిగినారు. సింగిల్స్ ప్రధాన పోటీకి ర్యాంకు ఉన్నోళ్ళకి తలకి 25,000, క్వాలిఫయింగ్ వాళ్ళకి 12,500 పౌండ్లు. బీమా ఉన్న చోట కూలోడికి కూడా అన్నం దొరికినాది. యూఎస్ ఓపెన్ అయితే జరిగినాది గానీ క్వాలిఫయింగ్ ఎత్తీసినారు. సాయం కింద కొంత డబ్బు ఇచ్చినారు, సరే. కానీ కిందోళ్ళు పైకెక్కే మెట్టే లేకపోతే, డబ్బు ఒక్కటీ ఏటి చేస్తాది?

అసలు కిటుకు ర్యాంకుల్లో ఉంది. పాత పాయింట్లు పోకుండా, 2019 మార్చి నుంచి 2020 డిసెంబరు దాకా ఆడినవాటిలో మంచివి లెక్కేస్తామన్నారు. రోగానికి భయపడి ఇంట్లో ఉన్నోళ్ళకి నష్టం రాకూడదని. మంచి మాటే. ఆస్ట్రేలియా అమ్మాయి ఆష్లీ బార్టీ ఫిబ్రవరి తర్వాత టూరులో అడుగుపెట్టలేదు, అయినా 2020లో ఒకటో ర్యాంకు ఆవిడదే.

మరి 2019లో పాయింట్లే లేనోళ్ళ మాటేటి? మన హైదరాబాదు సానియా మీర్జానే చూడండి. 2018 అక్టోబరులో కొడుకు పుట్టినాడు. రెండేళ్ళకి పైగా ఆటకి దూరమై, 33 ఏళ్ళ వయసులో ఈ జనవరిలో తిరిగొచ్చి, వచ్చీ రాగానే హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ కొట్టినాది. మార్చిలో దుబాయ్‌లో ఫెడ్ కప్ ఆడి, మన దేశం మొట్టమొదటిసారి ప్లే-ఆఫ్‌కి చేరిన జట్టులో నిలిచినాది. అంతలో తలుపులు మూసీసినారు. ఏప్రిల్లో లాత్వియాతో జరగాల్సిన పోరు వాయిదా పడిపోయినాది. తల్లులైనోళ్ళు పాత ర్యాంకుతో కొన్ని టోర్నీల్లో దిగడానికి వేరే నిబంధన ఉంది, కాదనను. కానీ టోర్నీలే లేకపోతే దిగేదెక్కడ? నిన్నటి పాయింట్లున్నోళ్ళకి గొడుగు పట్టినారు, కొత్తగా నడక మొదలెట్టినోళ్ళు ఎండలో నిలబడినారు.

సానియా తట్టుకోగలదు. ఫెడ్ కప్ హార్ట్ అవార్డు కింద వచ్చిన 2,000 డాలర్లు కూడా తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చీసినాది. మన గుంట ఎలగ తట్టుకుంటాది?

మన పక్క ఆడపిల్లలకి ఆట ఒట్టి సరదా కాదు. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కంచు పతకం ఎత్తినాది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో దాకా వెళ్ళి పతకం తెచ్చినాది. ఆ దారిలో నడిచే పిల్లలకి జిల్లా సర్టిఫికెట్టు, రాష్ట్రం సర్టిఫికెట్టే పాయింట్లు. అవుంటేనే స్పోర్ట్స్ కోటాలో సీటు గానీ, ఉద్యోగం గానీ. లేకపోతే పెళ్ళి సంబంధాలు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఏడాది వయసు దాటిపోయినోళ్ళకి ఒక ఏడాది సడలింపు ఇవ్వండి. పాత సర్టిఫికెట్లు చూసి సర్దేస్తామంటే చాలదు. అలగయితే నిరుడు గెలిచినోళ్ళకే మేలు, ఈ ఏడు గెలవాల్సినోళ్ళకి మళ్ళీ సున్నాయే. పోయిన పోటీలు మళ్ళీ పెట్టండి, ఆలస్యమైనా సరే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊళ్ళో ఇలగ ఏడాది పోయినోళ్ళు ఎంతమందున్నారో రాయండి. పేరు, పుట్టిన తేదీ, ఆట, జరగని పోటీ. మా వీధిలో నేను మొదలెట్టీసినాను, ఇప్పటికి ఏడు పేర్లున్నాయి. పేర్లన్నీ కూడగట్టుకొని జిల్లా అధికారుల దగ్గరికి వెళ్దాం. ఆ గుంట రేపు కూడా మైదానానికి వస్తాది.