కాపాడిన గుర్రానికి ఆ తర్వాత మేత ఎవరు పెట్టాలి?

సంపాదకునికి,

ఎముకలు తేలిన గుర్రాన్ని ఎవరో కాపాడారన్న వార్త పత్రికల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. లారీ నుంచి దించిన రోజు ఫొటో వేస్తారు, సాయపడినవారిని మెచ్చుకుంటారు. ఆరు నెలల తర్వాత అది ఏ లాయంలో ఉందో, ఏం తింటోందో, అసలు బతికుందో లేదో ఎవరూ రాయరు. వయసు మళ్లిన గుర్రం తేరుకుంటుందా లేదా అన్నది ఆ ఆరు నెలల్లోనే తేలుతుంది. ఆ ఖర్చును దాతల జాలికి వదిలేయకూడదు. గుర్రం మీద సంపాదించినవారి నుంచే ముందుగా వసూలు చేయాలన్నది ఈ లేఖ వాదన.

2025 వేసవిలో హైదరాబాదు నుంచి జబల్‌పూర్‌కు 57 గుర్రాలను తరలించారు. కొద్ది రోజులకే ఎనిమిది చనిపోయాయి. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుదాకా వెళ్లింది. తప్పెవరిదో తేల్చడం న్యాయస్థానాల పని. పని తీరిపోయిన గుర్రం ఎక్కడికి వెళ్లాలో మన దగ్గర ఒక పద్ధతంటూ లేదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

పత్రికకు రాసిన ఒక్క ఉత్తరం ఈ విషయంలో ఎంత చేయగలదో కైరోలో రుజువైంది. సైనికాధికారి భార్యగా 1930లో అక్కడికి వెళ్లిన డొరొతీ బ్రూక్, వీధుల్లో బరువులు లాగుతున్న ముసలి గుర్రాలను చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, యుద్ధం ముగిశాక ఈజిప్టులోనే అమ్ముడుపోయిన సైన్యపు గుర్రాలవి. 1931లో ఆమె లండన్ దినపత్రిక ‘మార్నింగ్ పోస్ట్’కు లేఖ రాస్తే పాఠకులు డబ్బు పంపారు. మూడేళ్లలో సుమారు 5 వేల గుర్రాలను ఆమె కొని విడిపించారు. చాలావాటికి ఇంకో ఇల్లు వెతికే ఆస్కారమే లేకపోయింది, ఒళ్లు అంతగా అరిగిపోయింది. వాటికి బాధలేని చావునిచ్చారు. మనవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. కానీ లేవలేని గుర్రాన్ని వారాల తరబడి నేలమీదే ఉంచి, పుండ్లు పడుతుంటే చూస్తూ, దాన్ని దయ అనుకోవడం కంటే ఆమె చేసిందే ధర్మం. 1934లో ఆమె కైరోలో పెట్టిన ఆసుపత్రి నుంచే నేటి ‘బ్రూక్’ సంస్థ పుట్టింది.

తేరుకునే ఆశ ఉన్న గుర్రానికి మొదటి గండం, ప్రేమకొద్దీ పెట్టే తిండి. పస్తులతో చిక్కిపోయిన గుర్రాన్ని చూడగానే ఉలవ గుగ్గిళ్లు, బెల్లం తెచ్చి ముందు పెడతాం. పిండిపదార్థం, చక్కెర ఒక్కసారిగా ఒంట్లోకి చేరితే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫేటు, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి పోయి గుండె దెబ్బతింటుంది. కడుపు నిండిన గుర్రమే అయిదు రోజులు తిరక్కుండా చనిపోవచ్చు. అమెరికాలోని డేవిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి ఒక పద్ధతి చెప్పారు. మొదటి మూడు రోజులు లూసర్న్ ఎండుగడ్డి మాత్రమే, నాలుగు గంటలకోసారి దాదాపు 450 గ్రాములు, రోజుకు ఆరుసార్లు. పదో రోజుదాకా మేతను కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. అంటే అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా లేచే మనిషి కావాలి. గుర్రం మామూలు బరువుకు రావడానికి ఆరు నుంచి పది నెలలు పట్టవచ్చు. పాడైన గిట్ట పూర్తిగా కొత్తగా పెరగడానికి దాదాపు ఏడాది.

ముసలి గుర్రానికి పళ్లు ఇంకో బెడద. అరుగుదల సమంగా లేక దవడపళ్ల అంచులు కత్తుల్లా మారి బుగ్గల్ని, నాలుకను కోస్తాయి. అది గడ్డిని నమిలి ఉండలుగా కింద పడేస్తుంటే, మేత వద్దంటోందని చూసేవారు పొరబడతారు. పశువైద్యుడు ఆకురాయితో ఆ అంచులు రాయాలి. పళ్లు అరిగిపోయిన గుర్రానికి మేతను నానబెట్టి మెత్తగా పెట్టాలి. నట్టల మందు కూడా ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయాలి.

పట్టుకున్న గుర్రాన్ని దగ్గర్లోని గోశాలకు తోలడం సులువే. కానీ ఆవు అరాయించుకున్నదల్లా గుర్రం అరాయించుకోలేదు. బూజు పట్టిన గడ్డి దానికి కడుపుశూల తెస్తుంది. కోళ్ల మేతలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి విషం. ఊరూరా కోళ్ల ఫారాలున్న మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతి తప్పకుండా తెలియాలి.

కొత్త ఇంటికి ఇచ్చేటప్పుడు చాలామంది మొదట అడిగేది సవారీకి పనికొస్తుందా అనే. ఇరవయ్యేళ్ల గుర్రాన్ని ఆ కొలతతో చూడటం అన్యాయం. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది. ఒంటరి గుర్రానికి తోడుగా నిలవడం ముసలి గుర్రం చక్కగా చేయగల పని. బ్రిటన్‌లో ‘వరల్డ్ హార్స్ వెల్ఫేర్’ సంస్థ గుర్రాన్ని ఇంటికి ఇచ్చినా యాజమాన్యం తన దగ్గరే ఉంచుకుంటుంది. సిబ్బంది వెళ్లి చూసివస్తారు, పెంచుకునేవారికి వీలుకాకపోతే వెనక్కి తెచ్చుకుంటారు. అదే పద్ధతి మనకూ కావాలి. లేకుంటే దత్తత పేరుతో వెళ్లిన గుర్రం నాలుగు చేతులు మారి మళ్లీ పెళ్లి ఊరేగింపులో తేలుతుంది.

ఇక డబ్బు. గుర్రం పాతిక, ముప్పయ్యేళ్లు బతుకుతుంది. రేసు గుర్రం పదేళ్లలోపే మైదానం విడుస్తుంది. మిగిలిన జీవితం ఎవరి లెక్కలోనూ ఉండదు. జరిమానాలతోనూ ఆ ఖర్చు రాదు: 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. బ్రిటన్ రేసు పరిశ్రమ రిటైరైన గుర్రాల కోసం 2000లో ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. అమెరికాలో 2012లో ఇలాంటిదే ఏర్పడింది. రేసుల్లో దిగే ప్రతి గుర్రం తరఫున ఇక్కడా కొంత రుసుము తీసుకుని ఒక నిధి ఏర్పాటు చేయాలి. ఊరేగింపులకు, బీచ్ సవారీలకు గుర్రాలను తిప్పేవారికి పురపాలక సంస్థలు లైసెన్సు తప్పనిసరి చేసి, అందులో చిన్న వాటాను ఆ నిధికే జమచేయాలి. ఒకే గుర్రంతో పొట్టపోసుకునే పేద యజమానికి ఆ రుసుము మాఫీ చేసి, గుర్రం ముసలిదైనప్పుడు అప్పగించడానికి చోటు చూపించాలి.

చోటు ఎక్కడంటే, న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైలును చూడవచ్చు. 1984 నుంచి అక్కడి ఖైదీలు రిటైరైన రేసు గుర్రాలను సాకుతూ ఆ పని నేర్చుకుంటున్నారు. చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది, అనంతపురంలో ఓపెన్ జైలు ఉంది. మేత పండించే నేల, రాత్రిపూట లేచే చేతులు రెండూ అక్కడ దొరుకుతాయి. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల నుంచి వైద్యులు వెళ్లి చూడవచ్చు. పది గుర్రాలతో ఒక ఏడాది ప్రయత్నించడానికి రెండు ప్రభుత్వాలూ ముందుకు రావాలి, రుసుమును వచ్చే రేసుల సీజన్‌కు ముందే ఖరారు చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాదు