శాస్త్రి గారి ఆ ఒక్క కాగితం

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనీ అత్తమామలనీ కెన్నెడీని కాల్చిన చోటుకి తీసుకెళ్ళడం మా డాలస్ తెలుగువాళ్ళకి ఒక ఆనవాయితీ. మొన్న మా మామగారిని తీసుకెళ్ళాను. ఆస్వాల్డ్ కాల్పులు జరిపాడన్న ఆరో అంతస్తు ఇప్పుడు మ్యూజియం. అన్నీ ఓపిగ్గా చూసి, బయటికొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే: "అంతా మంచిగనే పెట్టిండ్రు గనీ, మన శాస్త్రి కాయితాలు యాడ పెట్టిండ్రయ్యా?"

మామగారిది జడ్చర్ల పక్క ఊరు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడి వందమందికి పైగా చనిపోయినప్పుడు ఆయన చిన్నపిల్లవాడు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. నవంబరులో అరియలూరు దగ్గర మరో రైలు పడ్డాక శాస్త్రి మళ్ళీ ఇచ్చారు, అప్పుడు ఒప్పుకున్నారు. అందుకే మామగారికి ఆయనంటే అంత గురి.

ఆ శాస్త్రి 1966 జనవరి 10న తాష్కెంట్‌లో అయూబ్ ఖాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసి, ఆ అర్ధరాత్రి దాటాక చనిపోయారు. గుండెపోటు అన్నారు. శవం నీలంగా ఉందని కుటుంబ సభ్యులు అన్నారు. పోస్ట్‌మార్టం అక్కడా చెయ్యలేదు, ఢిల్లీలోనూ చెయ్యలేదు. ఆ రాత్రి భోజనం వండింది మన రాయబారి టి.ఎన్. కౌల్ వంటవాడు. సోవియట్ నిఘావాళ్ళు ఆ రాత్రే వడ్డించినవాళ్ళని పట్టుకుని ప్రశ్నించారు, తర్వాత వదిలేశారు. వెంట ఉన్న డాక్టర్ చుగ్ 1977లో రోడ్డు ప్రమాదంలో పోయారు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

నా మటుకు నాకు అది గుండెపోటే అనిపిస్తుంది. ఇలా అంటే కొందరు మిత్రులకి కోపం వస్తుందని తెలుసు. కానీ ఆయనకి 1959లో ఒకసారి, ప్రధాని అయిన కొత్తల్లో 1964లో ఇంకోసారి గుండెపోటు వచ్చింది. ఒప్పందంలో హాజీపీర్ కనుమ వదులుకోవలసి వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్ళకి కూడా అది నచ్చలేదన్నారని ఆయన వెంట వెళ్ళిన కులదీప్ నయ్యర్ రాశారు. అంత పెద్ద గదిలో మంచం పక్కన ఫోన్ గానీ గంట గానీ లేకపోవడం, ఫ్లాస్కు బోర్లా పడి ఉండడం కూడా ఆయన రాసినవే. నీళ్ళ కోసం తడుముకున్న రోగిని నేను అందులో చూస్తాను. విషం పెట్టారనేవాళ్ళు అదే ఫ్లాస్కులో సాక్ష్యం చూస్తారు. శవం పాడవకుండా మందు ఎక్కించారు కాబట్టి నీలం రంగుకి అదీ కారణం కావచ్చు. పోస్ట్‌మార్టం చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

అసలు నాకు మండేది హత్యా కాదా అన్నదాని దగ్గర కాదు. 2009లో అనుజ్ ధర్ అనే రచయిత సమాచార హక్కు కింద అడిగితే, శాస్త్రి మరణం గురించి తన దగ్గర ఒకే ఒక్క కాగితం ఉందని ప్రధాని కార్యాలయం చెప్పింది. ఇవ్వమంది! ఎందుకంటే విదేశీ సంబంధాలు చెడిపోతాయట. ఎవరితో? సోవియట్ యూనియన్ 1991లోనే పోయింది కదా! గుండెపోటుతో పోయిన మనిషి కాగితం బయటపెడితే ఏ దేశానికి కోపం వస్తుంది? కుట్ర అనేవాళ్ళకి ఇంతకంటే బలమైన ఆయుధం ఎవరూ ఇవ్వలేరు. 2018లో మన తెలుగువాడే, కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్, ఆ పత్రాల సంగతి ప్రధాని ముందు, హోం మంత్రి ముందు పెట్టి తేల్చమన్నారు. 2009లో ఒక పార్టీ, 2018లో దాన్ని తిట్టే ఇంకో పార్టీ. కాగితం దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట.

ఇక్కడ 1992లో కెన్నెడీ హత్య పత్రాలన్నీ పాతికేళ్ళలో తెరవాలని చట్టమే చేశారు. గడువు 2017కి అయిపోయినా ఇద్దరు అధ్యక్షులు సాగదీశారు, పెద్ద కట్ట 2025 మార్చిలో గానీ రాలేదు. రెండో హంతకుడు ఎవరికీ దొరకలేదు, అనుమానాలూ చావలేదు. ఒప్పుకుంటాను. అయినా ఇక్కడ వాదించేవాడు ఫలానా పేజీ చూడు అంటాడు. మనం వాట్సాప్‌లో వచ్చింది చూడు అంటాం.

సమాచార హక్కు చట్టం భారత పౌరులకే. నేను పౌరసత్వం మార్చుకున్నవాణ్ణి, ఓసీఐ కార్డుతో అడగడానికి లేదు. ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్న మిత్రులు ఇక్కణ్ణుంచే ఆన్‌లైన్‌లో అడగొచ్చు, రుసుము 10 రూపాయలు. మళ్ళీ కుదరదంటారేమో, అననివ్వండి. "అడుగుడు మన పని, ఇచ్చుడు ఆళ్ళ పని" అన్నారు మామగారు. నేను టైపు చేసిపెట్టాను, దరఖాస్తు ఆయన పేరు మీదే మొన్న ఆదివారం వెళ్ళింది.